మైకు మీద నెపం

తార్నాక,
జూన్ 21

ప్రియమైన వాసంతికి,

నువ్వు క్షేమంగా చేరావని నల్లకుంటలో మీ స్కూలు శ్రీనివాసరావు మాష్టారి ఇంట్లో చెప్పారు. ఆయన పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తారు కాబట్టి ఇకనుంచి మన పోస్ట్‌మాన్ ఆయనే. మీ తిర్యాణి హాస్టల్ స్కూల్లో సిగ్నల్ అందకపోవడం కూడా ఒక రకంగా మంచిదే. యూనివర్సిటీలో చదివేటప్పుడు లేడీస్ హాస్టల్ వాచ్‌మన్‌తో పంపిన చీటీలు తప్ప, మనం ఒకరికొకరు పెద్ద ఉత్తరం రాసుకున్నదే లేదు.

అసలు సంగతి చెప్తాను, కోప్పడకు. కెమెరా కొన్నాను. కొత్తది కాదు. వారాసిగూడలో పెళ్లిళ్లు తీసే నరేందర్ లేడూ, కొత్త రకం కెమెరాకు మారుతూ తన పాత డీఎస్‌ఎల్‌ఆర్ అమ్మేశాడు. ఆ రకం కెమెరాల్లో చిన్న సైజుది. నా పుస్తకాల సంచిలో టిఫిన్ డబ్బా పక్కన ఇమిడిపోతుంది. మా విద్యానగర్ కోచింగ్ సెంటర్ వాళ్లకు చరిత్ర పాఠాలు వీడియోలుగా కావాలట. వాళ్ల స్టూడియోలో ఆ లైట్ల కింద నిలబడటం నావల్ల కాదు. మన ముందు గదిలోనే గోడకు బోర్డు తగిలించి నేనే తీసుకుంటున్నాను.

ఫోన్ ఉందిగా అంటావు. ముందు దానితోనే తీశాను. ఒక్క కిటికీ వెలుతురులో నా మొహం ఉడికిన వంకాయలా వచ్చింది. ఈ కెమెరాకు అదే వెలుతురు చాలు, గడ్డంలో తెల్ల వెంట్రుకలు దేనికది లెక్కపెట్టుకోవచ్చు. లెన్సు మార్చుకునే సౌకర్యం ఇంకొకటి. నరేందర్ ఇచ్చిన రెండో లెన్సు పెడితే నేను తేటగా ఉంటాను, వెనక బీరువా, దాని మీద నువ్వు పేర్చిన అట్టపెట్టెలు మసకలో కలిసిపోతాయి. ఇల్లు సర్దే పని తప్పింది.

పెన్‌డ్రైవ్‌లో కాకతీయుల పాఠం ఉంది. చూసి ఉన్నదున్నట్టు చెప్పు.

ఇట్లు,
నీ పరశురాం


తిర్యాణి,
జూలై 5

ప్రియమైన పరశురామ్,

ఆదివారం పదో తరగతి పిల్లలను కూర్చోబెట్టి కంప్యూటర్ గదిలో నీ పాఠం వేశాను. బొమ్మ నిజంగా బాగుంది. సినిమాలా ఉందన్నారు పిల్లలు. అయితే నువ్వు బోర్డు వైపు తిరిగినప్పుడల్లా కెమెరా తికమకపడుతోంది. నీ మొహం మసకబారి బోర్డు తేలుతుంది, కాసేపటికి బోర్డు మసకబారి నువ్వు తేలుతావు. చెయ్యి ముందుకు చాపావంటే నీ చెయ్యి ఒక్కటే కనిపిస్తుంది. మధ్యలో కిర్రు కిర్రుమని ఏదో చప్పుడు. గణపతిదేవుడి దగ్గర పాఠం ఉన్నట్టుండి తెగిపోయింది. రుద్రమదేవి రానే లేదు.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది నీ గొంతు. బాలలక్ష్మి అని చురుకైన పిల్ల ఉంది. అందరికంటే ముందు అదే అడిగింది.

"సారుకు సర్ది అయిందా టీచర్? గొంతు గరగర అంటున్నది. సగం సమజైతలేదు."

మే నెలలోనే నీ గొంతు బొంగురుగా ఉంది. క్లాసులు ఎక్కువయ్యాయన్నావు. డాక్టర్‌కు చూపిస్తానని నాకు మాటిచ్చావు. చూపించావా?

ఇంకొకటి. ఆదివారాలు నేను రోడ్డు మలుపు దాకా నడిచి వెళ్లి, సిగ్నల్ వచ్చే చోట నిలబడి ఫోన్ చేస్తున్నాను. నువ్వు కట్ చేసి "క్లాసులో ఉన్నా" అని మెసేజ్ పెడుతున్నావు. ఆదివారం సాయంత్రం ఏం క్లాసులు?

ఉంటాను,
వాసంతి


తార్నాక,
జూలై 19

ప్రియమైన వాసంతికి,

చూపించాను. వైదేహి అని గొంతు డాక్టర్, ఇక్కడ తార్నాకలోనే. మందులు రాసింది, తగ్గిపోయింది. నువ్వు విన్నది నా గొంతు కాదు, కెమెరా మైకు.

చెప్తాను విను. ఇది ఫోటోల కోసం తయారైన వస్తువు. వీడియో తర్వాత వచ్చి చేరిన పని. దీనిలో మైకు అంటే ముందువైపు నాలుగు చిన్న రంధ్రాలు, అంతే. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే, వినపడటం లేదనుకుని తనంతట తనే సౌండ్ పెంచేస్తుంది. అప్పుడు ఫ్యాను హోరు, వీధిలో ఆటో, పక్కింటి కుక్కర్ అన్నీ లోపలికి వచ్చేస్తాయి. ఆ కిర్రు కిర్రు లెన్సు తిరిగే చప్పుడు. చెవులకు పెట్టుకుని వింటూ తీద్దామంటే హెడ్‌ఫోన్ గుచ్చే చోటు లేదు. అంతా అయ్యాక కంప్యూటర్‌లో పెడితే గానీ ఏం వచ్చిందో తెలియదు.

మిగతా తప్పులు సరిచేసుకున్నాను. ఫోకస్ దాని ఇష్టానికి వదలకుండా చేత్తో తిప్పి ఒకచోట ఆపేస్తున్నాను. నేల మీద సుద్దతో గీత గీసుకుని ఆ గీత దాటకుండా నిలబడుతున్నాను. రుద్రమదేవి సంగతేమిటంటే, ఫైలు నిండగానే కెమెరా చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. ఆమె పట్టాభిషేకం మొత్తం నేను గోడకు చెప్పాను. వీడియో తీసేటప్పుడు కన్ను పెట్టి చూసే కిటికీ నల్లగా మూసుకుపోతుంది. వెనక తెర మీదే చూడాలి, ఆ తెరేమో నావైపు తిరగదు. ఆగిందో నడుస్తోందో నాకెలా తెలుస్తుంది?

అందుకే సామేలును పట్టుకున్నాను. గుర్తున్నాడా, చరిత్ర విభాగంలో మన తర్వాత చేరాడు? ఇప్పుడక్కడే పీహెచ్‌డీ చేస్తున్నాడు. క్యాంపస్‌లో పొద్దుటిపూట ఖాళీగా ఉండే గది ఒకటి అడిగి ఇప్పించాడు. వాడు తెర చూస్తాడు, నేను చెప్తాను. రోజుకు రెండు మూడు పాఠాలు లాగుతున్నాం. దీపావళిలోపు సిలబస్ మొత్తం అయిపోవాలి. ఉద్యోగ పరీక్షల నోటిఫికేషన్ ఎప్పుడైనా పడొచ్చు.

ఆదివారాలు కూడా బ్యాచులు పెట్టారు. అందుకే ఫోన్ ఎత్తలేకపోతున్నాను.

నీ పరశురాం


తిర్యాణి,
ఆగస్టు 2

ప్రియమైన పరశురామ్,

కొత్త పాఠాలు చూశాం. ఫోకస్ కుదిరింది. బోర్డు మీద నీ అక్షరాలు చివరి కుర్చీ దాకా కనిపిస్తున్నాయి. క్యాంపస్ గది కిటికీలోంచి పడే వెలుతురు చూస్తే నాకు ఎమ్మే రోజులు గుర్తొచ్చాయి.

గొంతు మాత్రం బాగుపడలేదు. ఇంకా నీరసించింది కూడా. నువ్వు మైకు అన్నావు కదా అని ఈ ఊళ్లో పెళ్లిళ్లకు వీడియో తీసే ఎంకన్నను స్కూలుకు పిలిపించి చూపించాను. గేటు దగ్గర చెప్పులు విడిచి వచ్చి కూర్చుని, పాఠం చివరి దాకా చూశాడు.

"కెమెరా మంచిదే మేడం. సారు మొకం ఎంత సాఫ్‌గ వచ్చిందో సూడుండ్రి. గని దీని మైకును నమ్ముకుంటే పని కాదు. నేను పంతులు మంత్రాలకు కాలర్ మైకు పెడ్త. అంగీకి క్లిప్పు పెట్టి, వైరు కెమెరాల గుచ్చుడే."

"అది పెడితే గొంతు బాగా వస్తుందా?"

"మనిషి గొంతు ఎట్లుంటే అట్ల వస్తది మేడం."

ఆయనే మంచిర్యాల నుంచి ఒకటి తెప్పించాడు. మాష్టారి చేతికిస్తున్నాను. పెట్టుకో.

పాఠంలో నువ్వు వేసుకున్న నీలం చొక్కా మొన్న ఏప్రిల్‌లో మనం కలిసి కొన్నాం. అప్పుడు మెడ దగ్గర సరిగ్గా సరిపోయింది. ఇప్పుడు వీడియోలో చూస్తే లోపల రెండు వేళ్లు పట్టేంత వదులుగా ఉంది. కెమెరా మనిషిని లావుగా చూపిస్తుందని విన్నాను. నిన్ను సన్నగా ఎందుకు చూపిస్తోంది? తింటున్నావా?

ఇంకా, మాష్టారు ఒక మాటన్నారు. "మీ వారు పెన్‌డ్రైవు ఇవ్వడానికి ఎప్పుడొచ్చినా నేను లేని టైములోనే వస్తారండి. గుమ్మంలోనే మా ఆవిడ చేతికిచ్చి వెళ్లిపోతారట. ఒక్కసారైనా కూర్చోమనండి." ఆయన నొచ్చుకున్నారు. ఈసారి కూర్చుని టీ తాగి రా.

వాసంతి


తార్నాక,
ఆగస్టు 16

ప్రియమైన వాసంతికి,

మైకు అందింది. ఎంకన్నకు నా తరఫున థాంక్స్ చెప్పు. పెట్టి చూశాం. ఎందుకో ఈ కెమెరాతో అది కలవడం లేదు. గొంతు అలాగే వస్తోంది. పాత మోడల్ కదా, సాకెట్ అరిగి ఉంటుంది. నరేందర్‌కు చూపించాలి.

ఈ ఉక్కకు కెమెరా కూడా వేడెక్కిపోతోంది. వరసగా రెండు పాఠాలు తీస్తే తెర మీద ఎర్ర గుర్తు వేసి ఆగిపోతుంది. సామేలు దాన్ని కిటికీలో పెట్టి పుస్తకంతో విసురుతాడు. బ్యాటరీ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫోటోలకైతే రోజంతా వస్తుంది, వీడియోకు పట్టుమని గంటన్నర రాదు.

తింటున్నాను. చొక్కా ఉతుకులకు సాగింది.

తొందరలో ఉన్నాను. పెన్‌డ్రైవ్‌లో బహమనీల నుంచి కుతుబ్‌షాహీల దాకా ఉన్నాయి.

పరశురాం


తిర్యాణి,
ఆగస్టు 30

పరశురామ్,

పెన్‌డ్రైవ్‌లో పాఠాలతో పాటు చిన్న ఫైలు ఒకటి వచ్చింది. మైకు పెట్టి చూసిన రోజుది. తీసేయడం మర్చిపోయినట్టున్నావు.

మొదట సామేలు గీత మీద నిలబడి ఉన్నాడు. కాలర్‌కు మైకు ఉంది. "హలో హలో. అన్నా, వినవడుతున్నదా? ఏం చెప్పాలె? నా పేరు సామేలు, మాది ఆలేరు, పొద్దుగాల ఇడ్లీ తిన్న" అని నవ్వాడు. పక్క గదిలో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంది. చివరి అక్షరం దాకా స్పష్టంగా వినపడింది.

తర్వాత అదే మైకు నీ కాలర్‌కు పెట్టాడు. అదే కెమెరా, అదే గది. నువ్వు "కాకతీయుల తర్వాత" అన్నావు. "తర్వాత" అనే మాట సగంలో పోయింది, గాలి మాత్రం వచ్చింది. మళ్లీ అన్నావు. మళ్లీ పోయింది. కాసేపటికి నువ్వే చెయ్యి ఊపి ఆపమన్నావు.

ఈ కెమెరాతో కలవని మైకు సామేలు గొంతుతో ఎలా కలిసింది?

పిల్లలను బయటికి పంపి నేను దాన్ని చాలాసార్లు విన్నాను. నీ గొంతుకు ఏమైంది? డాక్టర్ వైదేహి ఏమంది? మాష్టారి కోసం చూడకుండా స్పీడ్ పోస్టులో రాయి. ఈసారి కెమెరా గురించి ఒక్క ముక్క కూడా వద్దు.

వాసంతి


తార్నాక,
సెప్టెంబర్ 8

వాసంతీ,

స్వరపేటికలో ఒక పక్క చిన్న గడ్డ ఉంది. నువ్వు తిర్యాణి వెళ్లిన వారమే తెలిసింది. వెంటనే ముక్క తీసి పరీక్షకు పంపాలంది డాక్టర్. గడ్డ తీశాక గొంతు ఎలా ఉంటుందని అడిగాను. మాట ఇవ్వలేనంది. సిలబస్ అయ్యేదాకా ఆగొచ్చా అన్నాను. "ఆగకూడదండి" అంది. నేను ఆగాను.

క్లాసులు లేవు. మే నెలలోనే ఆగిపోయాయి. వెనక బెంచీల నుంచి "సార్, వినవడ్తలేదు" అని రోజూ అరుపులే. చివరికి సెంటర్ ఓనర్ సుదర్శన్ పిలిచి, "గొంతు సెట్ అయ్యేదాక పాఠాలు వీడియోలు చేసియ్యుండ్రి సార్, మీ పోస్టు ఎటూ పోదు" అన్నాడు. దగ్గర నుంచి మెల్లగా చెప్తే చాలు కదా, ఉన్న గొంతు పూర్తిగా పోకముందే అన్నీ చెప్పేసి దాచుకుంటే తర్వాత ఏమైనా ఫర్వాలేదనుకున్నాను. పాఠం చెప్పడం తప్ప నాకు ఇంకో పని రాదు.

నీ ఉద్యోగం పర్మనెంట్ అయి ఏడాది కాలేదు. చెప్తే సెలవు పెట్టి వచ్చేస్తావు. అందుకే ఫోన్ ఎత్తలేదు. ఎత్తితే ఒక్క మాటకే పట్టేసేదానివి. మాష్టారి ఎదుట పడనిది కూడా అందుకే.

ఇంకా నిజాం పాలన, తెలంగాణ ఉద్యమం మిగిలాయి. అవి అయిపోగానే ఆసుపత్రిలో చేరతాను. దీపావళి దాకా ఓపిక పట్టు. నువ్వు రావద్దు.

పరశురాం


తార్నాక, మనింట్లో,
అక్టోబర్ 12

ప్రియమైన పరశురామ్,

నువ్వు లోపలి గదిలో పడుకుని ఉన్నావు. నేను వంటింట్లో కూర్చుని ఇది రాస్తున్నాను. పొద్దున పలక మీద "డాక్టర్ నీతో విడిగా ఏం చెప్పింది?" అని రాసి చూపించావు. తర్వాత చెప్తానన్నాను. నోటితో చెప్పడం మొదలుపెడితే నేను ఏడుస్తాను, నువ్వు ఊరుకోబెట్టబోయి మాట్లాడేస్తావు. నువ్వు మాట్లాడకూడదు. అందుకని రాసి నీ దిండు పక్కన పెడతాను.

నీ ఉత్తరం అందిన రోజే నేను బండెక్కాను. ఆ వారమే పరీక్ష, ఆ తర్వాత రిపోర్టు, మొన్న ఆపరేషన్. అది క్యాన్సరని నీకు తెలుసు. మిగతాది విను. జబ్బు మొత్తం తీసేశామని డాక్టర్ అంది. మూడు నెలలకోసారి చూపించుకుంటూ ఉండాలి, కానీ ప్రాణానికి భయం లేదని రెండుసార్లు చెప్పించుకున్నాను. గొంతు సంగతి వేరు. ఒక పక్క స్వరతంత్రి దాదాపు మొత్తం తీయాల్సి వచ్చింది. పుండు మానడానికి నెల పడుతుంది. ఆ తర్వాత మాట వస్తుంది. చిన్నగా, గాలితో కలిసి వస్తుంది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు వినిపిస్తుంది. వెనక బెంచీకి ఇక ఎప్పటికీ వినిపించదు.

జూన్‌లో వచ్చి ఉంటే ఎలా ఉండేదని అడిగాను. ఆవిడ ఫైలు చూసుకుని, "చాలావరకు మిగిలి ఉండేదండి. ఇప్పుడు ఆ మాట ఆయనకు చెప్పడం అవసరమా?" అంది. అవసరమే అనుకుని చెప్తున్నాను. మనిద్దరిలో ఒకరు దాచిపెట్టింది చాలు.

ఇంకోటి కూడా ఉంది. నిన్న నువ్వు నిద్రలో ఉన్నప్పుడు సుదర్శన్ వచ్చాడు. పాపం, ఆపిల్ పండ్లు తెచ్చాడు. గుమ్మంలో చాలాసేపు నిలబడి చెప్పాడు. "బొమ్మ సూపరున్నది మేడం. బోర్డు సుత మంచిగ కనవడ్తది. కానీ సారు గొంతు పిల్లలకు సమజైతలేదు. పెట్టిన రెండు పాఠాలకే కంప్లైంట్లు వచ్చినయ్. నేనేం జెయ్యాలె చెప్పుండ్రి." పెన్‌డ్రైవ్ తిరిగి ఇచ్చేశాడు. టీవీ బల్ల మీద ఉంది.

అంటే, ఎవరూ వినలేని పాఠాల కోసం నువ్వు మూడు నెలలు పోగొట్టుకున్నావు. నాకు చాలా కోపంగా ఉంది. ఇది ఇప్పట్లో పోదు. పోయినట్టు నటించడం నాకు రాదు. నువ్వు ఏ గొంతుతో ఫోన్ ఎత్తినా నేను జూలైలోనే వచ్చి ఉండేదాన్ని. నా ఉద్యోగం గురించి నువ్వొక్కడివే నిర్ణయం తీసుకున్నావు. ఇంకెప్పుడూ అలా చెయ్యకు.

పొయ్యి మీద రాగి జావ ఉంది. చల్లారాక తెస్తాను. ఇది చదివి అలిగి మానేయకు, తాగు. దసరా సెలవులు కలిసొచ్చాయి కాబట్టి ఇరవై దాకా ఇక్కడే ఉంటాను.

నీ వాసంతి


తార్నాక,
నవంబర్ 4

ప్రియమైన వాసంతికి,

మాష్టారి ఇంట్లో ఈసారి కూర్చుని టీ తాగాను. నేను పలక మీద రాస్తే ఆయన కూడా మర్యాదకు నా పలకే తీసుకుని దాని మీద రాసి జవాబిచ్చారు. ఆయన మాట్లాడొచ్చని వాళ్లావిడ గుర్తు చేయాల్సి వచ్చింది.

నువ్వు వెళ్లాక వారం రోజులు కెమెరా ముట్టుకోలేదు. సంచి చూస్తేనే ఒళ్లు మండింది. తర్వాత ఒక రోజు కూర్చుని నా పాఠాలు వరసగా అన్నీ చూశాను. సుదర్శన్ చెప్పింది నిజమే. నేనైనా ఆ గొంతుతో పరీక్షకు చదువుకోను. మైకు మీద నెపం పెట్టి నీకు ఎన్ని పేజీలు రాశానో! అందులో దాని లోపాలన్నీ నిజమే, నేను చెప్పిన కారణం ఒక్కటే అబద్ధం.

అయితే పాఠాల్లో సరుకు ఉంది. బోర్డు పని బాగుంది. అవన్నీ మళ్లీ కాగితం మీద రాసి సామేలుకిచ్చాను. "నువ్వు చెప్పు" అని పలక మీద రాస్తే భయపడిపోయాడు.

"నాతోని కాదన్నా. నలుగురి ముందల నిలబడితెనే నా కాళ్లు వణుకుతయి."

"నలుగురు లేరు. నేనొక్కడినే ఉన్నా" అని రాశాను.

ఇప్పుడు వాడు గీత మీద, నేను కెమెరా వెనక. మొదటి రోజు వాడు "మిత్రులారా" అని మొదలుపెట్టాడు. నేను జీవితంలో ఆ మాట వాడలేదు. నా వాక్యాలు ఇంకొకరి నోట్లోంచి వస్తుంటే విన్నప్పుడు ఎలా ఉందో నీకు చెప్పకుండా ఉండలేను. చాలా కష్టంగా ఉంది. ఆపమని అరవలేను కాబట్టి చప్పట్లు కొట్టి ఆపాను. మూడోసారికి కుదిరింది. రుద్రమదేవి పట్టాభిషేకం దగ్గర వాడు కాగితం చూడటం మానేసి తన సొంత మాటలతో చెప్పాడు. అది నాకంటే బాగా చెప్పాడు. చెప్పి నా వైపు చూశాడు. తలూపాను.

సుదర్శన్ రెండు పాఠాలు తీసుకున్నాడు. రాసింది నేను, చెప్పింది సామేలు అని కింద ఇద్దరి పేర్లూ వేస్తున్నాడు. ఇది క్లాసు చెప్పడం కాదు. దానిలో నాకు దొరికేది దీనిలో ఇంకా దొరకలేదు. దొరుకుతుందో లేదో చూస్తాను.

రోజూ దాని వెనక నిలబడుతున్నాను కాబట్టి ఎంకన్నకు ఈ మాటలు చెప్పు, నవ్వుకుంటాడు. ఈ కెమెరాతో వీడియో తీయాలంటే వెనక ఇంకో మనిషి ఉండాలి. మైకు బయటిదై ఉండాలి. పాఠం చిన్న చిన్న ముక్కలుగా చెప్పాలి. ఇవి మూడూ కుదిరితే ఇంత తక్కువ వెలుతురులో, ఇంత చిన్న పెట్టెతో, ఇంత బాగా తీసేది నాకు తెలిసి ఇంకోటి లేదు. ఒంటరిగా నిలబడి అన్నీ నేనే చేసుకుంటానంటే మాత్రం పనికిరాదు.

నిన్న డాక్టర్ వైదేహి గొట్టం పెట్టి చూసింది. పుండు మానింది. శనివారం నుంచి రోజుకు కొన్ని మాటలు మెల్లగా మాట్లాడొచ్చంది. సోమవారం నుంచి మాట నేర్పే ఆవిడ దగ్గరికి వెళ్లాలి.

ఈ కబురు వినగానే సామేలు కెమెరా బిగించాడు. "ఫస్ట్ మాట రికార్డు చేద్దామన్నా. యాదికుంటది" అన్నాడు. నేను లెన్సుకు మూత పెట్టేశాను.

శనివారం పొద్దున కాగజ్‌నగర్ బండికి వస్తున్నాను. ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్లో దిగుతాను. ఇప్పటిదాకా నేను గొంతు కదపలేదు, కాబట్టి అది ఎలా వస్తుందో నాకూ తెలియదు. ఒట్టి గాలే రావచ్చు. నీ పేరు సగంలో పోవచ్చు. ఎలా వచ్చినా నువ్వే ముందు విను.

నీ పరశురాం